ఫెజ్‌లో మా ఎదరిల్లు

"ఆంటీ, వచ్చే నెల మొరాకో వెళ్తున్నామని చెప్పాను కదా. ఫెజ్‌లో పాత ఊళ్ళో దిగమంటారా, కొత్త ఊళ్ళోనా? మీరు అక్కడ కొన్నాళ్ళున్నారని అంకుల్ అన్నారు."

ఉన్నామమ్మా, ఉండకేం. ఆయన చెప్పేసేరూ? నోట్లో నువ్వుగింజ నానదు ఆ మనిషికి. రా, అలా గుమ్మంలో నిలబడతావేం స్రవంతీ, కూర్చో. ఫోను అక్కడ పెట్టేవేవిటి, రికార్డింగా? పెట్టుకో, నాకేం. మా మేనత్తల కథల్లోకి వెళ్ళిపోతుంటే మాత్రం నువ్వే నన్ను వెనక్కి లాక్కురావాలి, ముందే చెప్తున్నాను.

అప్పుడు సింగపూరు ఇలాగ లేదు తల్లీ. అంటే, బిల్డింగులున్నాయనుకో, మనవాళ్ళు లేరు. ఈ బూన్ లే పేటకి వచ్చిన కొత్తల్లో లిఫ్టు దగ్గర తెలుగు మాట వినపడితే పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తేదాన్ని. తరవాత చూస్తూండగానే ఎక్కడ చూసినా మన కుర్రాళ్ళే. కంప్యూటర్ బూమ్ అనేవారు. అమీర్‌పేటలో ఓ కోర్సు చెయ్యడం, ఇక్కడికొచ్చి ఒక్క ఫ్లాటులో అందరూ వరసగా చాపలేసుకుని పడుకోవడం. ఇంటికి ఫోను చెయ్యాలంటే కార్డు కొనుక్కుని, వెనక గీకి, ఆ నంబర్లన్నీ నొక్కేసరికి ఏం మాట్లాడాలనుకున్నామో అదే మర్చిపోయేవాళ్ళం. ఆదివారం ఆ కుర్రాళ్ళు మా ఇంటికి పప్పన్నానికి వచ్చేవారు. ఒకడున్నాడు, పిఠాపురం అబ్బాయి, ముద్దపప్పులో నెయ్యి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు... సరే, వాడి సంగతి తరవాత.

మీ అంకుల్ నేర్చుకున్నది పాతకాలం కంప్యూటర్ల చదువు. ఆ కుర్రాళ్ళు వెనకాల నవ్వుకునేవారు కూడాను. ఇంతలో ఏవైంది, రెండువేల సంవత్సరం వచ్చేస్తోంది, ఆ పాత మిషన్లకి ఏడాది ఏదో తెలీక తిక్కతిక్కగా చేస్తాయని ప్రపంచవంతా గాబరా. దాంతో ఈయనకి గిరాకీ వచ్చింది. నవ్వినవాళ్ళే సార్, సార్ అని వెనకాల తిరిగేరు. ఫెజ్‌లో ఓ బ్యాంకు వాళ్ళ పని పడింది, ఆర్నెల్లు వెళ్ళమన్నారు. ఈయనకి కడుపులో పుండు, బయట తిండి పడదు. నువ్వూ రావే లక్ష్మీ అన్నారు. రైస్ కుక్కరు, చింతపండు, ఆవకాయ, టెక్కా మార్కెట్లో కొన్న బియ్యం, అన్నీ మూటగట్టుకుని బయల్దేరేను. ఎయిర్‌పోర్టులో ఆవకాయ జాడీ చూసి ఆ ఆఫీసరు మొహం... అబ్బ, అది వేరే కథ.

కంపెనీ వాళ్ళు ముందు కొత్త ఊళ్ళో హోటల్లో పెట్టేరు. వెడల్పాటి రోడ్డు, చెట్లు, ఓ కాఫీ కొట్టు. బాగానే ఉంది. గదిలో కుక్కరు పెట్టుకుని, చిన్న హీటరు మీద ఇంగువ పోపు వేసేను. అంతే, పైఅంతస్తులో ఎవరో పొగ పొగ అని ఒకటే గోల. మేనేజరు పాపం మర్యాదస్తుడు, కోప్పడలేదు, చేతులు జోడించి మేడమ్ మేడమ్ అన్నాడు. ఇంక ఇలాక్కాదు, ఇల్లు చూసుకుందాం అన్నాను.

ఇల్లు చూపించే ఏజెంటు రెండు చూపించేడు. మొదటిది కొత్త ఊళ్ళోనే, లిఫ్టున్న మేడ. మీ అంకుల్ జేబులోంచి దిక్సూచి తీసేరు. నవ్వుతున్నావా, నిజం. పగలల్లా కంప్యూటరు ముందు కూర్చునే మనిషి, గుమ్మం తూర్పున లేకపోతే లోపల కాలు పెట్టరు. ఆ ఫ్లాటు గుమ్మం సరిగ్గా తూర్పు. ఇంకేం, మొహం చాటంతయింది. నేను ఏజెంటుని ఒక్క మాట అడిగేను, పక్కనెవరుంటారు నాయనా అని. ఎవరూ ఉండరు మేడమ్, చాలా నిశ్శబ్దం అన్నాడు. ఆ మాటతో నాకా ఇల్లు వద్దనిపించింది. ఈయన పొద్దున్న బ్యాంకుకెళ్తే రాత్రికి గానీ రారు. భాష రాదు. జారి పడి అరిస్తే వినేవాడు లేని చోట నేనేం చెయ్యను?

రెండోది పాత ఊళ్ళో. ఆ ఊరు ఎలాగుంటుందో ఫొటోల్లో చూసేవు కదా, చుట్టూ గోడ, పెద్ద పెద్ద దర్వాజాలు, లోపలికి కార్లు రావు. సందులేవో ఇద్దరు ఎదురుపడితే ఒకళ్ళు గోడకి అంటుకోవాలి. ఈ ఇల్లు దర్వాజాకి దగ్గర్లోనే. కింద లల్లా జొహ్రా అని ఓ పెద్దావిడ. లల్లా అంటే మనం అమ్మగారు అన్నట్టు. భర్త పోయేడు, కూతురు సనా కాలేజీలో ఇంగ్లీషు చదువుతోంది. పైన రెండు గదులు మాకు. మీ అంకుల్ దిక్సూచి పట్టుకుని ఆ సందులో ఇటు తిరిగేరు, అటు తిరిగేరు, ఆఖరికి, లక్ష్మీ, ఇది నైరుతి గుమ్మం, చచ్చినా వద్దు అన్నారు. ఈ సందులోకి సూర్యుడే దిగట్లేదు, మీ నైరుతి ఎక్కణ్ణించి దిగుతుందండీ అన్నాను.

అలాగని కళ్ళు మూసుకుని దిగిపోలేదమ్మా, ఇది విను, నీకు పనికొస్తుంది. పొద్దున్న ఓసారి చూసేను, మళ్ళీ దీపాలు పెట్టేవేళ ఒక్కదాన్నీ వెళ్ళి చూసేను. ఒకే సందు, రెండు వేళల్లో రెండు రకాలుగా ఉంటుంది. ఆ సందు మొదట్లో రొట్టెలు కాల్చే పొయ్యి ఉంది, ఊరుమ్మడిది. ఇళ్ళల్లో పిండి కలిపి, పలకల మీద పెట్టుకుని అక్కడికి తెచ్చి కాల్పించుకుంటారు. దానివల్ల చీకటి పడ్డాక కూడా అక్కడ దీపం, ఆడవాళ్ళు, పిల్లలు. సందు చివర మనుషులు లేని చోట కాదు మనం ఉండేది. టాక్సీ దిగి సామానుతో ఊరంతా తిరగక్కర్లేదు. ఇంటావిడ ఆ ఇంట్లోనే ఉంటుంది. ఇంతకన్నా నాకేం కావాలి? నువ్వు కూడా ఫొటోలో నీళ్ళతొట్టి, గులాబీరేకులు చూసి మురిసిపోకు, అడుగు, దర్వాజా నించి ఎంత దూరం, రాత్రి తలుపు ఎవరు తీస్తారు అని.

ఇంకోటి. ఇక్కడ నువ్వు హాకర్ సెంటర్లో ఫోను బల్ల మీద పడేసి, చోప్, ఈ చోటు నాది అని తిండి తెచ్చుకోడానికి వెళ్ళిపోతావు చూడు, అది అక్కడ కుదరదు. సింగపూరు మనల్ని బాగా పాడుచేసేసింది. నేను పాస్‌పోర్టులు చిన్న సంచీలో పెట్టి, లంగాకి పిన్నీసుతో కుట్టినంత పని చేసి రొంటిన దోపుకునేదాన్ని. దారి మూసేసేరు, నే తీసుకెళ్తా రండి అని కుర్రాళ్ళు వెంటపడతారు. దారి ఏవీ మూసెయ్యరు, ఉత్తిదే. సనా నాకు నేర్పింది, వద్దు థాంక్స్ అని నవ్వుతూ చెప్పి నడుస్తూనే ఉండాలి, మరీ అనుమానవొస్తే పెద్దవాళ్ళు కూర్చున్న కొట్లోకి వెళ్ళి అడగాలి. చెడ్డవాళ్ళని కాదు. మంచివాళ్ళే ఎక్కువ తల్లీ ఆ ఊళ్ళో. ఎంత మంచివాళ్ళో చెప్తాను.

దిగిన వారంలోనే చూడు, కూరలు పట్టుకుని వస్తూ తలుపు తోసి లోపలికి వెళ్ళిపోయేను. లోపల ఎవరో భోంచేస్తున్నారు. మా ఇల్లు కాదది! ఆ ఊళ్ళో తలుపులన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఇనప మేకులు, ఇనప కడియం. నేను బిక్కచచ్చి నిలబడితే వాళ్ళు నవ్వి, కూర్చోబెట్టి, పుదీనా టీ ఇచ్చి, పిల్లని తోడిచ్చి పంపేరు. మర్నాడు శుక్రవారం. మా తలుపుకి ఓ గుర్తుండాలి కదాని, ఎలాగూ శుక్రవారం కదాని, పొద్దున్నే గుమ్మం కడిగి, గడపకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బియ్యప్పిండితో చక్కగా ముగ్గు వేసేను. ఇక్కడ ఈ కారిడార్లో వేస్తాను చూడు, అంతది. మా మనవరాలైతే, అమ్మమ్మా, నో నీడ్ లా, క్లీనర్ ఆంటీ తుడిచేస్తుంది అంటుంది. సరే. వేసి, నాలోనేను మురిసిపోతూ పైకెళ్ళిపోయేను.

మా ఎదరింటావిడ పేరు ఫాతిమా. గుమ్మానికి గుమ్మం, చెయ్యి చాపితే వాళ్ళ తలుపు. కొడుకుది తోళ్ళు శుద్ధిచేసే చోట పని. కోడలు ఖదీజా కడుపుతో ఉంది, నెలలు నిండుతున్నాయి. ఆ పిల్ల రొట్టెల పలక ఎత్తుకుని పొయ్యి దగ్గరికి వెళ్తూ నా ముగ్గు తొక్కింది. ఆ మధ్యాన్నం ఆ పిల్లకి కళ్ళు తిరిగి, కడుపులో నొప్పన్నాదిట. డాక్టరు వచ్చి ఏం లేదు, నీరసం అన్నాడు, పోయేడు. కానీ ఆ రోజు నించి సందంతా మారిపోయింది. నేను వస్తుంటే ఫాతిమా తలుపు ధడాలుమని వేసేది. ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కునేవారు. పొయ్యి దగ్గర నన్ను చూసి మాటలు ఆపేసేవారు. లల్లా జొహ్రా కూడా నా మొహం చూడకుండా మెట్లకింద ఏదో సర్దుకుంటున్నట్టు నటించేది. నాకేమో ఏవిటో తెలీదు. ఇంగువ వాసన కాబోలు అనుకుని ఇంగువ మానేసేను కూడాను!

ఆఖరికి సనాని కూర్చోబెట్టి అడిగేను. ఆ పిల్ల తల దించుకుని చెప్పింది. ఆంటీ, మా దగ్గర గుమ్మం ముందు పొడి చల్లేరంటే ఎవరికో చేతబడి చేసినట్టు. మీరు పొడితో గీతలు గీసేరు, పసుపు పూసేరు, ఎర్రచుక్కలు పెట్టేరు, దాన్ని కడుపుతో ఉన్న మనిషి తొక్కింది. ఫాతిమా ఖాలా మీ మీద కోపంగా లేదు, భయంగా ఉంది అంది.

అయ్యబాబోయ్! నేను? కడుపుతో ఉన్న పిల్లకి? మొదట కోపం వచ్చింది, అబద్ధవెందుకు. మంగళకరవని వేస్తే చేతబడంటారేవిటి వీళ్ళు అని. మళ్ళీ నాకే తట్టింది. మనం మాత్రం నాలుగు రోడ్ల దగ్గర కోసిన నిమ్మకాయ, కుంకుమ కనపడితే తొక్కుతామా? చుట్టూ తిరిగి వెళ్ళమూ? మా పెద్దమ్మాయి నా కడుపులో ఉన్నప్పుడు మా అత్తగారు నన్ను ఆ దారమ్మటే పంపలేదు. ఫాతిమా కూడా అత్తగారే కదా. ఆవిడ స్థానంలో నేనుంటే నేనూ తలుపు వేసేసుకునేదాన్నే.

మీ అంకుల్ రాత్రి రాగానే, చెప్పేనా, నైరుతి గుమ్మం అని, రేపే హోటల్‌కి పోదాం అన్నారు. నేను కదల్లేదు. మనం ఇప్పుడు మూట సర్దుకుని పారిపోయేమంటే, ఆ పిల్ల పురుడు అయ్యేదాకా ఆవిడ భయపడుతూనే ఉంటుందండీ, చేతబడి చేసే పారిపోయింది అనుకుంటుంది, రేపు ఏ చిన్న నలత చేసినా నా పేరే తల్చుకుంటుంది అన్నాను. ఆవిడ మనసులోంచి ఆ భయం పోతే గానీ నేను ఈ ఊరు వదలను అన్నాను. ఆయన దిక్సూచి జేబులో పెట్టేసుకుని భోంచేసేరు.

మర్నాడు ముగ్గుపిండి చేసిన ఆ బియ్యమే నానబోసేను. లల్లా జొహ్రా దగ్గర ఇత్తడి రోలుంది. సనా చేత అడిగించి, కింద వాకిట్లో కూర్చుని, వీధి తలుపు బార్లా తీయించి, అందరూ చూసేలాగ దంచేను. సందులో ఆడవాళ్ళంతా ఎదర గుమ్మం దగ్గర మూగేరు. సనా, చెప్పమ్మా వాళ్ళకి, మేం గుమ్మంలో వేసేది ఈ బియ్యమే, చీమలూ పిచికలూ తినాలని వేస్తాం అన్నాను. ఆ తడిపిండితోనే చలిమిడి చేసేను. బెల్లం లేదు, అక్కడ పంచదార గోపురంలాగ గట్టిగా ఉంటుంది, సుత్తితో కొట్టాలి. ఆ పంచదారతో పాకం పట్టి, యాలకులు వేసి. మా వైపు కడుపుతో ఉన్న పిల్లకి చలిమిడి పెడతామమ్మా, కడుపు చల్లగా ఉండాలని. నీకు తెలుసు కదా. తెలీదూ? ఏం పిల్లలో.

గిన్నె పట్టుకుని ఫాతిమా గుమ్మం ముందు నిలబడ్డాను. ముందు నేను ఓ ముద్ద తిన్నాను. ఆవిడ చెయ్యి చాపలేదు. నా మొహం వంక చూస్తోంది, గిన్నె వంక చూస్తోంది. వెనకాల ఖదీజా తొంగి చూస్తోంది, ఆ పిల్లకి తినాలనుందని నాకు తెలుస్తూనే ఉంది. అప్పుడు లల్లా జొహ్రా, మోకాళ్ళ నొప్పుల మనిషి, లేచి వచ్చింది. గిన్నెలోంచి ముద్ద తీసుకుని నోట్లో వేసుకుంది. తిని, ఫాతిమాతో ఒక్క ముక్క అంది. ఏవందో నాకు తెలీదు, నేను అడగలేదు కూడా. ఆవిడ ఋణం నేను తీర్చుకోలేను తల్లీ. నేనెవరు ఆవిడకి? పైన అద్దెకున్నదాన్ని. తన ఊళ్ళో, తన వాళ్ళందరి ముందూ, నా గిన్నెలోది తింది.

ఫాతిమా గిన్నె తీసుకుని తలుపు వేసుకుంది. తిన్నారో, పారబోసేరో. రెండు రోజుల తరవాత గిన్నె మా మెట్ల మీద ఉంది, తోమి, నిండా ఖర్జూరం పెట్టి. మనుషులు మాత్రం రాలేదు. పలకరింపు లేదు. నేనూ ఇంక గుమ్మంలో ముగ్గు వెయ్యలేదు. భయపడే మనిషి కళ్ళ ముందు నా ముచ్చట తీర్చుకోడవెందుకు? తలుపు గుర్తుపట్టడం మాటంటావా, అప్పటికి అక్కర్లేకుండా పోయింది. నేను పక్క సందులోకి తిరిగితే చాలు, రొట్టెలాయన దగ్గర ఉన్న ముసలాళ్ళు అటు కాదు, ఇటు అని చేతులూపేవారు.

తరవాత ఓ రోజు, అన్నం వార్చి కూర్చున్నాను, మీ అంకుల్ బ్యాంకులో, సనా కాలేజీలో. కింద తలుపు దబదబా బాదుతున్నారు. లల్లా జొహ్రా తీసేలోగా నేనే పరిగెత్తేను. ఎదర ఫాతిమా. ముసుగు జారిపోయింది. నా మణికట్టు పట్టుకుని లాక్కుపోయింది. లోపల ఖదీజాకి నొప్పులు. కొడుకు పనిలో ఉన్నాడు, ఇంట్లో మగదిక్కు లేదు. ఆ సందులోకి కారు రాదు కదా, దర్వాజా దాకా నడిపించాలి. ఆ పిల్లని చెరో వైపు పట్టుకున్నాం. సందు నిండా జనం, ఎదురుగా గాడిదలు, కంచరగాడిదలు, వాటి మీద తోళ్ళ మోపులు. అక్కడ వాటిని తోలేవాళ్ళు బలాక్, బలాక్ అని అరుస్తారు, తప్పుకోండని. నాకు వచ్చిందల్లా ఆ ఒక్క మాటే! చీర కుచ్చెళ్ళు పైకి దోపి, గొంతు చించుకుని బలాక్ బలాక్ అని అరుచుకుంటూ నడిచేను. గాడిదల వాళ్ళు కూడా నన్ను చూసి ఠారెత్తిపోయి తప్పుకున్నారు. పొయ్యి దగ్గర కుర్రాళ్ళు ముందుకు పరిగెత్తి టాక్సీ ఆపేరు. తప్పుకో అంటే ఆ రోజు ఫెజ్ తప్పుకుందమ్మా నాకు.

ఆసుపత్రిలో సాయంత్రందాకా నేనూ ఫాతిమా ఓ బల్ల మీద. భాష లేదు. ఆవిడ తన జపమాల తిప్పుతోంది, నేను నా దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. ఆవిడ నా మణికట్టు మాత్రం వదల్లేదు. లోపల్లోపల ఒకటే అనుకుంటున్నాను, ఆ పిల్లకి ఏవన్నా అయితే, నా ముగ్గే అంటారు, నేను కూడా నన్ను క్షమించుకోలేను. ఖదీజా మొగుడు పరుగున వచ్చేడు, పక్కన నిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. నర్సు పిల్లని తెచ్చి ఫాతిమాకిచ్చింది. ఆవిడ చూసుకుంది, పిల్ల చెవిలో ఏదో ప్రార్థన చెప్పింది. కొడుకు చేతులు చాపేడు. ఆవిడ వాడికివ్వలేదు. నా వైపు తిరిగి, ముందు నా చేతుల్లో పెట్టింది.

నాకు ఏడుపు ఆగలేదమ్మా. ఇప్పుడూ చూడు... ఆ పిల్లకి ఇప్పుడు నీ వయసుంటుంది.

కాబట్టి ఏ ఊళ్ళో దిగాలి అంటే నేనేం చెప్తాను. పాత ఊరంటాను నేనైతే, దర్వాజాకి దగ్గరగా, ఇంటివాళ్ళున్న ఇంట్లో. మీ అంకుల్నడిగితే తూర్పు గుమ్మం అంటారు, అదిగో, టీవీ ముందు కూర్చుని అన్నీ వింటున్నారు. పాస్‌పోర్టు జాగ్రత్త. వెళ్ళగానే ఇంటావిణ్ణి పలకరించు, పేరు అడుగు, నీ పేరు చెప్పు. ఇంక నాకు తెలిసిన దీవెన ఒక్కటే తల్లీ. నువ్వు ఎక్కడ తలుపు తీసుకుని దిగినా, నీకు మంచి ఎదరిల్లు దొరకాలి. వాళ్ళకి నువ్వూ అలాగే దొరకాలి... ఉండు, అన్నం తినకుండా ఎక్కడికి లేస్తావు?